పచ్చడన్నం క్లాసు

ఆ రోజుల్లో పిల్లలకి వయసనేది ఉండేది కాదు. పుట్టేవాళ్ళు, పెరిగేవాళ్ళు, పాలపళ్ళు ఊడేవి, మళ్ళీ వచ్చేవి, అన్నీ జరిగేవి, కానీ "మీవాడికి ఎన్నేళ్ళమ్మా?" అంటే మాత్రం ఏ తల్లీ గబుక్కున ఒక అంకె చెప్పేది కాదు. అడుగుతున్నది ఎవరు, ఎందుకడుగుతున్నారు అని ముందు మొహం చూసుకునేది. బస్సులో కండక్టరు అడిగితే నాలుగు. బళ్ళో చేర్చుకునే టీచరు అడిగితే ఐదు. అంగన్‌వాడీలో గుడ్డు పెట్టే పూట మూడు. నానమ్మల్ని అడిగితే అసలు అంకెలే ఉండవు, "మున్నేరు పొంగిన ఏడు పుట్టాడు తల్లీ" అనేవాళ్ళు. మున్నేరు పొంగని ఏడేది? మొన్న మా మేనకోడలు తన పిల్లని నందిగామలో ప్లే స్కూల్లో చేర్చడానికి వెళుతూ నన్ను తోడు తీసుకెళ్ళింది. అక్కడ బల్ల వెనకాల ఉన్న అమ్మాయి కంప్యూటర్లో పుట్టిన తేదీ కొట్టి, ఈ పాప ఈ గదండీ, ఆ బాబు ఆ గదండీ అని నిమిషంలో తేల్చేసింది. పిల్లల మొహాల వంక కూడా చూడలేదు. (చూడక్కర్లేదట, అంతా అందులోనే ఉంటుందట.) నాకు నవ్వాగలేదు. "ఏంటత్తా, బాగోదు" అని మా మేనకోడలు మోచేత్తో పొడిచింది. ఏం చెప్పను? జగ్గయ్యపేటలో ఒకప్పుడు నేను పిల్లల్ని ఏ లెక్కన గదుల్లోకి సర్దానో చెబితే, ఆ అమ్మాయి కంప్యూటరు కట్టేసి ఇంటికి వెళ్ళిపోయేది.

మాది చందర్లపాడు దగ్గర పల్లె. ఏడో తరగతి దాకా చదివాను. ఎనిమిది మా ఊళ్ళో లేదు, దాన్ని వెతుక్కుంటూ పక్క ఊరు వెళ్ళేంత ప్రేమ నాకూ లేదు. ఆ తర్వాత అమ్మ వెంట మిరప కోతలకి, పత్తి తీతలకి వెళ్ళాను. పంతొమ్మిదో ఏట పెళ్ళయి పేటకి వచ్చాను. (చుట్టుపక్కల వాళ్ళమంతా పేట అనే అంటాం, జగ్గయ్యపేట అనే పూర్తి పేరు బస్సు బోర్డు మీదే చూస్తాం.) మా బావగారి భార్య, అంటే నా తోడికోడలు, నందిగామ పిల్ల, టీచరు ట్రైనింగు చదివింది. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లీ అనేది. మా ఇంటి ముందు భాగంలో వరండా, హాలు, పక్క గది ఖాళీ చేయించి అక్క చిన్నపిల్లల బడి పెట్టింది. వెనక భాగంలో మా అత్తయ్య, మేమూ సర్దుకున్నాం. నేను కాపురానికొచ్చిన నెలకే బడి తెరిచే రోజులొచ్చాయి, అక్క నన్ను సాయానికి పిలిచింది. ఆయా అంటే మా పుట్టింటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని "అసిస్టెంటు" అనేది. అసిస్టెంటు పని ఏమిటంటే ముక్కులు తుడవడం, నిక్కర్లు కట్టడం, ఒకే రంగు చెప్పులు రెండు జతలుంటే ఎవరివి ఎవరివో వాసన చూసినంత పని చేసి తేల్చడం.

అయినా ఆ పని నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మిరప కోతలో పొద్దున వంగిన నడుము సాయంత్రానికి గానీ లేవదు, చేతులు మండుతుంటే కన్ను నలుపుకోవడానికి కూడా ఉండదు. ఇక్కడ నెత్తిన ఫ్యాను, చుట్టూ పిల్లలు, పైగా వీధిలో పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి నన్ను కూడా టీచరే అనుకునేవాళ్ళు. (అనుకున్నవాళ్ళని నేనెప్పుడూ సరిదిద్దలేదు.) ఈ గదిలోంచి నన్నెవరూ మళ్ళీ పొలానికో వంటింటికో తోలకూడదని రోజూ రాత్రి ప్రార్థనలో అడిగేదాన్ని. అక్క మాత్రం మొదట్లోనే ఉన్న మాట చెప్పేసింది. "చెల్లీ, నీ మీద నాకు నమ్మకమే. కానీ పిల్లల్ని పంపేవాళ్ళు అడుగుతారు, ఆ అమ్మాయి ఏం చదివిందండీ అని. ఫిబ్రవరిలో మీటింగు పెడతా. వాళ్ళు సరేనంటే నువ్వే ఉంటావు. కాదంటే నందిగామ నుంచి డిగ్రీ అమ్మాయిని తెచ్చుకోక తప్పదు, తర్వాత నన్ననుకోవద్దు" అంది. నేను అనుకోనక్కా అన్నాను, కానీ ఆ కనపడని డిగ్రీ అమ్మాయిని ఆ రోజు నుంచే మనసులో తిట్టుకోవడం మొదలుపెట్టాను.

అక్క ట్రైనింగులో చదువుకున్న ప్రకారం పిల్లల్ని వయసు వారీగా విడదీసింది. మూడేళ్ళవాళ్ళు వరండాలో, నాలుగేళ్ళవాళ్ళు హాల్లో, ఐదేళ్ళవాళ్ళు పక్క గదిలో. కాగితం మీద అది చాలా బాగుంది. కానీ గదులు మూడు, మేం ఇద్దరం. అక్క ఒక గదిలో, నేనొక గదిలో ఉంటే మూడోది స్వతంత్ర రాజ్యం. దానికి కాపలాగా మా అత్తయ్యని చిక్కుడుకాయల చాటతో సహా కూర్చోబెట్టేవాళ్ళం. ఆవిడ పిల్లలకి చిక్కుడుకాయలు ఈనెలు తీయడం నేర్పేసింది, ఇళ్ళకి వెళ్ళి ఇవాళ ఏం చదివావురా అంటే చిక్కుడుకాయ అని చెప్పేవాళ్ళు. పైగా చెల్లెలు వరండాలో, అన్న పక్క గదిలో. చెల్లెలు ఏడిస్తే అన్న లేచొచ్చేవాడు. అన్న వెనక వాడి స్నేహితుడు, స్నేహితుడి వెనక వాడి తమ్ముడు, మొత్తం బడి వరండాలోకి వచ్చి చెల్లెల్ని ఓదార్చేది. ఓదార్పు అయ్యేసరికి అన్నాల వేళ.

ఆ పిల్లల్లో ఇద్దరి సంగతి ముందే చెప్పాలి. ఒకడు ఐదు నిండిన అబ్బాయి, నోటీసు బోర్డు చదవబోతున్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు, ఎవరినీ కొట్టేవాడు కాదు, ఎవరితోనూ కొట్టించుకునేవాడూ కాదు. వాడికి ప్రెసిడెంటు అని పేరు పెట్టుకున్నాం. వాళ్ళ తాత చిల్లకల్లు అవతల పెద్ద మిర్చి రైతు, పేటలో మేడ. రెండోది మూడేళ్ళు కూడా సరిగ్గా నిండని పిల్ల, వాళ్ళమ్మ మిరప కోతలకి వెళుతూ పొద్దున్నే మా గుమ్మంలో దింపి పోయేది. ఒక్కచోట కూర్చోదు, నోరు మూయదు. దాని పేరు చిటపట.

క్రిస్మస్ వెళ్ళిన కొత్తలో అక్కావాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ అయింది. అక్క చూసుకోవడానికి నందిగామ వెళుతూ, "వయసు చూసి కూర్చోబెట్టు, పద్యం చెప్పించు, ఎవరినీ పోగొట్టకు, అంతే" అని నాకు బడి అప్పజెప్పి బస్సెక్కింది. మొదటి రోజు సాయంత్రానికి నా గొంతు పోయింది. రెండో రోజు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎంతమంది వేలాడారో తెలియదు, నేను నడిస్తే బడి నడిచేది. ఇంత గోలలోనూ ఒక్క అన్నాల వేళ మాత్రం ఇల్లు నిశ్శబ్దమయ్యేది. అక్క నేర్పిన చిన్న ప్రార్థన అందరూ చెప్పేవాళ్ళు (ఎవరింటి పిల్లలైనా సరే, ఒక కన్ను మూసి, రెండో కన్ను పక్కవాడి క్యారేజీలో పెట్టి), తర్వాత ఎవరి డబ్బా వాళ్ళ ముందు. ఆ నిశ్శబ్దంలో గోడకి చేరగిలబడి చూస్తుంటే నాకు ఒక సంగతి తోచింది. పాలన్నం తెచ్చుకునే పిల్లలకి నోట్లో పెట్టాలి, తినగానే కళ్ళు మూతలు పడతాయి, జోకొట్టాలి. పప్పన్నం పిల్లలు వాళ్ళంతట వాళ్ళే తింటారు, కాకపోతే సగం నేల తింటుంది; వాళ్ళకి పలకా బలపం ఇస్తే కాసేపు గీతలు గీస్తారు. పచ్చడన్నం పిల్లలున్నారే, వాళ్ళు తింటారు, చెయ్యి కడుక్కుంటారు, నిక్కరు వాళ్ళే కట్టుకుంటారు, వచ్చి పక్కవాడి మీద చాడీ కూడా చెబుతారు. చాడీ చెప్పడం వచ్చిందంటే బుద్ధి వచ్చినట్టే కదా. కారం తినే పిల్ల పెద్దపిల్ల, తినని పిల్ల చిన్నపిల్ల. మిరప చేలల్లో పెరిగిన నాకు అంతకు మించిన కొలబద్ద ఎక్కడ తోస్తుంది? తల్లులు వయసులో అబద్ధం చెప్పొచ్చు గానీ క్యారేజీ అబద్ధం చెప్పదు అనుకున్నాను. మర్నాడే పాలన్నాన్ని వరండాలోకి, పప్పన్నాన్ని హాల్లోకి, పచ్చడన్నాన్ని పక్క గదిలోకి మార్చేశాను.

దాంతో రెండు చిత్రాలు జరిగాయి. చిటపట పెద్దవాళ్ళ గదిలోకి వెళ్ళింది, ఎందుకంటే అది గోంగూర పచ్చడన్నంలోకి పచ్చిమిరపకాయ దోసకాయ ముక్కలాగా కొరుక్కు తినేది. ప్రెసిడెంటు వరండాలోకి వచ్చాడు, ఎందుకంటే వాడి వెండి గిన్నెలో రోజూ పాలన్నమే, మీద కాస్త పంచదార. వాడు ఏడుస్తాడేమోనని నేను భయపడితే, వాడు చేతులు వెనక్కి కట్టుకుని చిన్నపిల్లల మధ్య ఒక చుట్టు తిరిగి, ఒకడి ముక్కు తుడిచి, ఇంకొకడికి ముద్ద పెట్టి, "పిన్నీ, వీళ్ళని నేను చూసుకుంటా, నువ్వు అటు చూడు" అన్నాడు. ఆ రోజు నుంచి వరండాలో ఏడుపు సగం తగ్గింది. నా కారం లెక్కకి ఇంక తిరుగులేదనుకుని నేను భుజాలు ఎగరేశాను.

అక్క తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి విన్నది. ఏమీ వినపడలేదు. "పిల్లలేరీ?" అంది కంగారుగా. ఉన్నారక్కా అని గదులు చూపించి, లెక్క చెప్పాను. అక్క నెత్తి కొట్టుకుని, "చదువుకున్నది నేను, పిచ్చి నీకు పట్టిందేంటే" అంది. కానీ గోల తగ్గిన మాట నిజం గనక మీటింగు దాకా అలాగే ఉండనిద్దాం అని, ఆ గదులకి మర్యాదగా ఉండాలని మల్లె, బంతి, మందారం అని పేర్లు పెట్టింది. బయట మాత్రం ఈ అన్నాల సంగతి ఎవరికీ తెలియకూడదని నాతో ఒట్టేయించుకుంది. నేను నోరు మెదపలేదు. కానీ పిల్లల చేత ఒట్టు వేయించుకోవడం మా ఇద్దరికీ గుర్తు రాలేదు. సాయంత్రానికల్లా పేటలో ప్రతి ఇంట్లోనూ, నేను పచ్చడి క్లాసు, మా తమ్ముడు పాలన్నం క్లాసు అని తెలిసిపోయింది.

ఇంక చూడండి. అది మిరపకాయలు కల్లాల మీద ఎండే కాలం. ఊరి గాలి పీలిస్తేనే తుమ్ములొచ్చే రోజులు. అలాంటి ఊళ్ళో మా పిల్లాడు కారం తినలేడు అంటే, చేపల ఊళ్ళో పుట్టి ఈత రాదన్నట్టు. తల్లులు పంతం పట్టారు. కిరాణా కొట్టు దగ్గర ఒకావిడ, మావాడు పచ్చడిలోకి వెళ్ళాడండీ అని కలెక్టరు ఉద్యోగం వచ్చినట్టు చెప్పుకుంటే, పక్కావిడ ఇంటికెళ్ళి తన మూడేళ్ళ కొడుక్కి ఆవకాయ కలిపిందట. మా బడిలో అన్నాల వేళ నిశ్శబ్దం పోయి వెక్కిళ్ళు మొదలయ్యాయి. పొద్దున నింపిన మంచినీళ్ళ బిందె మధ్యాహ్నానికి ఖాళీ. ముక్కులు తుడిచే గుడ్డలు ఆరేసిన తీగ తెగింది. మర్నాడు పొద్దున పిల్లలు బాత్రూములో పెట్టే కేకల సంగతి నేను రాయను, మీరు ఊహించుకోండి. ఒక తల్లయితే పైన ఎర్రగా పచ్చడి పూసి, అడుగున తెల్లగా పాలన్నం పెట్టి పంపింది. క్యారేజీ కూడా అబద్ధం చెబుతుందని నాకు ఆ రోజు తెలిసింది. కోదాడ నుంచి కోడలిగా వచ్చిన ఇంకొకావిడ గుమ్మంలో నిలబడి, "మా పోరడు రెండు ముద్దలు తిన్నడమ్మా, మూడోదానికే ఏడుస్తున్నడు. సగం పాసు చెయ్యరాదూ" అని బతిమాలింది.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచి నిలదీసింది. "గొంతు మండితే అక్షరాలొస్తాయా చెల్లీ? కారానికీ చదువుకీ ఏంటి సంబంధం?" అంది. ఉల్లిపాయలు తరుగుతున్న మా అత్తయ్య, "అ ఆలు మాత్రం వాటంతటవే వస్తున్నాయిలేవే, వీధి చివరికి వినపడుతున్నాయి" అంది. అక్కకి నవ్వొచ్చినా నవ్వలేదు. అంటే విషయం పెద్దదేనని అర్థం.

ఆ పెద్ద విషయం రెండు రోజులకి కండువా సర్దుకుంటూ మా ఇంటికొచ్చింది. ప్రెసిడెంటు వాళ్ళ తాత. ఊరంతా ఆయన్ని మిర్చి తాత అనేవాళ్ళు. మిర్చి అమ్మే యార్డులో ముందు ఆయన బస్తా విప్పి చూశాకే మిగతావాళ్ళ కాయకి ధర పలుకుతారని చెప్పుకునేవాళ్ళు. అక్క కుర్చీ వేసింది, అత్తయ్య వేడివేడిగా మిరపకాయ బజ్జీలు తెచ్చిపెట్టింది. ఆయన పళ్ళెం వంక ఒకసారి చూసి, ఒంటిపూట ఉంటున్నానమ్మా అని పక్కకి జరిపాడు. తర్వాత గొంతు సవరించుకుని, "టీచరమ్మా, మావాణ్ణి పాలన్నంలో వేశారంట" అన్నాడు.

అక్క అది మల్లె గ్రూపు అండీ అని ఏదో చెప్పబోయింది.

"మల్లె అయితే ఏంది, మొల్ల అయితే ఏంది. మావాడికి ఐదు దాటినయ్. ఆ కోతలకొచ్చే అమ్మాయి కూతురు, దానికి మూడు లేవు, అది పచ్చడిలో కూర్చుంది. మిర్చి పండించేవాడి మనవడు పాలన్నం అని తెలిస్తే యార్డులో నా కాయ ఎవడు కొంటాడమ్మా? తినలేనిది పండించాడంటారు."

తర్వాత తీర్పు కూడా ఆయనే చెప్పాడు. మీటింగు రోజున నలుగురి ముందూ ఆయన మనవడు పచ్చడన్నం తింటాడు. తినగానే గది మార్చాలి. లేదంటే జూన్‌లో ఆయన వీధి పిల్లలంతా పసుపు బస్సున్న కాన్వెంటుకి వెళతారు. ఆయన వీధి పిల్లలు పోతే మా బడిలో మిగిలేది చిక్కుడుకాయలే. వెళుతూ గుమ్మం దగ్గర ఆగి నా వంక చూసి, ఈ అమ్మాయేనా ఈ లెక్క కనిపెట్టింది, ఏం చదివిందేంటి అని అడిగాడు. అక్క ఆ ప్రశ్న వినపడనట్టు చెప్పుల వరుస సర్దింది. నాకు మాత్రం నందిగామ డిగ్రీ అమ్మాయి బస్సు దిగి, బ్యాగు తగిలించుకుని, మా వీధిలోకి తిరుగుతున్నట్టే కనపడింది.

ఇంక నా బతుకు ప్రెసిడెంటు నాలిక మీద ఆధారపడింది. వాణ్ణి ఎలాగైనా తయారు చెయ్యాలని రోజూ నా పప్పన్నంలో చిటికెడు కారం కలిపి, ఒక్క ముద్ద నాన్నా అని వెంటపడ్డాను. వాడు కోప్పడడు, ఏడవడు, చేత్తో మెల్లగా నెట్టి, "వద్దు పిన్నీ. మాకు పాలన్నమే మంచిది" అనేవాడు. మాకు అంటే ఎవరెవరికో నేనడగలేదు. పెద్దింటి పిల్లాడు, బహువచనంలో మాట్లాడుతున్నాడు అనుకున్నాను.

మీటింగు రోజు రానే వచ్చింది. క్రిస్మస్‌కి కొన్న చీర కట్టుకుని, టీచర్లలాగా భుజం మీద కుచ్చిళ్ళు పెట్టి పిన్నీసు గుచ్చి, చేతిలో ఒక పెన్ను పట్టుకున్నాను. (రాయడానికి ఏమీ లేదు. పెన్ను పట్టుకుంటే తొమ్మిదో తరగతి దాకా అయినా చదివినట్టు కనపడతానని.) వాకిట్లో షామియానా కట్టి, తల్లిదండ్రుల్ని బెంచీల మీద, పిల్లల్ని చాపల మీద కూర్చోబెట్టాం. అక్క బడి గురించి నాలుగు మాటలు చెప్పింది. పిల్లలు పద్యం చెప్పారు. అందరూ ఎదురుచూస్తున్నది పద్యం కోసం కాదని అందరికీ తెలుసు. మిర్చి తాత లేచి, కండువా నడుముకి చుట్టి, కొత్త స్టీలు డబ్బా మూత తీశాడు. పండుమిరపకాయల పచ్చడి కలిపిన అన్నం, మీద నెయ్యి. ఆ వాసనకి ముందు బెంచీలో ఇద్దరు దగ్గారు.

"తినరా నాన్నా. పెద్ద ముద్ద పెట్టు" అన్నాడు.

ప్రెసిడెంటు డబ్బాలోకి చూశాడు. తాత మొహంలోకి చూశాడు. చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు. 

"నువ్వు కూడా తిను తాతా" అన్నాడు.

"నేను తర్వాత తింటాలే. ముందు నువ్వు."

"రోజూ కలిసే తింటాం కదా. నాకొక్కడికే ఎందుకు?"

"తినమన్నప్పుడు తినాలి."

 వాడికి తాత మీద జాలేసినట్టుంది. "పోనీలే, నువ్వు తినొద్దు. నీకు కడుపులో పుండు ఉందిగా, కారం తింటే నానమ్మ తిడుతుంది" అని ఓదార్చి, నా వైపు తిరిగి, సంగతి తేల్చేస్తున్నట్టు, "పిన్నీ, మా తాత కూడా పాలన్నం క్లాసే. మా ఇద్దరికీ ఒకటే కంచం" అన్నాడు.

 మిర్చి తాత చేతిలో డబ్బా మూత అలాగే ఉండిపోయింది. ఊళ్ళో పెద్దమనిషి, యార్డు అంతా ఎదురు చూసే మనిషి, ఎన్నేళ్ళుగానో పెళ్ళిళ్ళలో ఒంటిపూట అని, ఆకలి లేదని, ఇప్పుడే తిని వచ్చానని చెప్పుకుంటూ దాచుకున్న మాట. ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. బెంచీల మీదవాళ్ళు షామియానా గుంజలు లెక్కపెట్టసాగారు. అయిపోయింది, బడీ పోయింది, నా పనీ పోయింది అనుకున్నాను.

అప్పుడు పచ్చడి చాప మీద నుంచి చిటపట లేచింది. ఎవరూ తినని అన్నం అలా ఎదురుగా ఉంటే దానికి మనసొప్పలేదు. నేరుగా డబ్బా దగ్గరికి వెళ్ళి, గుప్పెడు తీసి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, పెదవులు చప్పరించి, "ఉప్పు చాల్లేదు" అంది.

ముందు నవ్విందెవరో నాకు తెలియదు. మా అత్తయ్యే అయ్యుంటుంది. తర్వాత ఎవరూ ఆగలేదు. చిటపట వాళ్ళమ్మ మాత్రం పై ప్రాణాలు పైనే పోయినట్టు పరుగున వచ్చి, పెద్దవాళ్ళ డబ్బాలో చెయ్యి పెడతావటే అని దాని రెక్క పట్టుకుంది. మిర్చి తాత ఆమె చెయ్యి ఆపాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి, నవ్వుకో సిగ్గుకో చెప్పలేను. "ఉండనియ్యమ్మా. నా పంట రుచి తెలిసిన మనిషి ఇవాళ దొరికింది" అని, ఆ డబ్బా పిల్ల ముందు పెట్టి, తను మనవడి పక్కన చాప మీదే చతికిలబడ్డాడు. "విజయవాడలో డాక్టరు చెప్పాడండీ, కారం ముట్టొద్దని. ఎవరికీ చెప్పొద్దని నేను ఇంట్లో చెప్పా. ఈ వెధవకి చెప్పడం మర్చిపోయా" అన్నాడు అందరితోనూ. ప్రెసిడెంటు తాత భుజం మీద చెయ్యేసి తట్టాడు, ఏడ్చే చిన్నపిల్లల్ని వరండాలో తట్టినట్టే.

నవ్వులు సద్దుమణిగాక ఒకాయన, ఇంతకీ ఈ అమ్మాయి ఏం చదివిందండీ అని అడగనే అడిగాడు. నేను పెన్ను వెనక్కి దాచాను. అక్క ఈసారి చెప్పులు సర్దలేదు. "ఏడో తరగతండీ" అంది అందరికీ వినపడేలా. "నేను ఊళ్ళో లేనప్పుడు బడి నడిపింది ఆమే. కారం లెక్క మాత్రం తప్పు, దాన్ని రేపే తీసేస్తాం. కానీ పెద్దపిల్లాడు పక్కనుంటే చిన్నది ఏడవదని నాకు ఆ తప్పు వల్లే కనపడింది. నా వయసుల లెక్కలో అది లేదు. రేపట్నుంచి ఒక్కో చాప మీద ఒక పెద్దవాడు, ఒక మధ్యవాడు, ఒక చిన్నది. మేం ఇద్దరం తిరుగుతూ చూసుకుంటాం" అంది. ఇద్దరం అన్న ఆ మాట దగ్గర నా చెవులు ఆగిపోయాయి, ఆ తర్వాత అక్క ఏం చెప్పిందో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగినాయన ఇంకా ఏదో సందేహపడుతుంటే మిర్చి తాత చాప మీద నుంచే, "మావాడు పొద్దున్నే తనే చెప్పులేసుకుని బడికి పోతున్నాడయ్యా. డిగ్రీ చదివినోళ్ళ దగ్గరికి వాళ్ళన్న ఏడ్చుకుంటా పోయాడు. ఇంకేం అడుగుతావు?" అన్నాడు. ఆయన సరేనని కూర్చున్నాడు.

ఆ జూన్‌లో పసుపు బస్సు మా వీధిలో ఆగలేదు. చాపలు అక్క చెప్పినట్టే వేశాం. ప్రెసిడెంటు అంకెలు రాస్తూ పక్కన చిన్నదానికి జోకొట్టేవాడు. ఆ చిన్నది ఎప్పుడు చూసినా నిద్ర నటించే చిటపటే. (అది ఇప్పుడు విజయవాడలో నర్సు. కారం తగ్గించండి, కడుపు పాడవుతుంది అని రోగుల్ని కసురుతుందట.) మిర్చి తాత పెళ్ళిళ్ళలో దర్జాగా పాలన్నం అడిగి మరీ పెట్టించుకునేవాడు, అది చూసి ఆయన వయసు పెద్దమనుషులు ఇంకో నలుగురు బయటపడ్డారని చెప్పుకున్నారు.

మీటింగు అయిన మర్నాడు పొద్దున నేను ఎప్పటిలాగే వరండా ఊడ్చి హాల్లోకి వెళితే, అక్క కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. వెనక గదిలో మా బావగారు బట్టలు వేసుకునే కుర్చీ, దులిపి, తుడిచి పెట్టింది. అక్క తలెత్తకుండా పలకలు తుడుచుకుంటోంది. నేను దాని వెనక నిలబడ్డాను. కూర్చుందామంటే ఏదో బెరుకు, పక్కకి వెళదామంటే మనసొప్పదు. పొద్దుటి నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేసుకుని నిలబడే పాఠం చెప్పాను, పిన్నీసు గుచ్చిన కుచ్చిళ్ళతో, పెన్నుతో సహా. కాళ్ళు పీకి రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కుర్చీ వెనక నిలబడ్డ అప్పటి ఆ పిల్ల మీద కాస్త ముద్దూ వస్తుంది. దగ్గరికెళ్ళి రెండు భుజాలూ పట్టుకుని, కూర్చోవే పిచ్చిమొహమా, అది నీ కోసం వేసిందే అని చెప్పాలనిపిస్తుంది.